ఓనరప్ప పంచిన కరెంటు

పోయిన నెలాఖరులో ఒక ఉదయం ఏడు దాటాక ఫోను మోగింది. వన్ టౌన్‌లో నేను తొమ్మిదేళ్లు అద్దెకున్న ఇంటి నుంచి, అప్పట్లో మా పక్క పోర్షనులో ఉన్న కుట్టుమిషను అమ్మాయి చేసింది. "అన్నా, ఓనరప్ప పోనాది" అంది. ఎన్ని గంటలకు, ముందు ఎవరు చూశారు, డాక్టరు వచ్చాడా అని అడిగాను. ఇన్నేళ్ల విలేకరి పనిలో ఎవరు పోయారన్నా నా నోట ముందు వచ్చేవి ఈ ప్రశ్నలే. ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుని అన్నిటికీ జవాబు చెప్పింది. ఓనరప్ప తెల్లవారుజామున లేచి కుళాయి కింద బిందె పెట్టింది. బిందె నిండి నీళ్లు వాకిట్లోకి పారాయి. "అప్ప ఎప్పుడూ నీళ్లు పొర్లనీదు కదన్నా. ఆ సప్పుడికే నాను బయటికొచ్చినాను." వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉందట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వయసు డెబ్బై రెండు.

మా వైపు అక్కను అప్ప అంటారు. ఇంటి ఓనరు గనక ఓనరప్ప. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఇంట్లో అద్దెకున్నవాళ్లందరికీ, కూరగాయల బండివాడికీ కూడా ఆమె అదే. నేను చేరేనాటికే పోయిన ఆమె భర్త ఫిషింగ్ హార్బరులో మరపడవ డ్రైవరు. ఆయన సంపాదనతో కట్టిన ఇల్లది. నాలుగు పోర్షన్లు, ఒక్కోటి ఒక గది, వంటకు ఒక మూల. మధ్యలో వాకిలి. ఒక పోర్షనులో ఆమె, ఒకదానిలో మేము, మూడోదానిలో కుట్టుమిషను అమ్మాయి, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లే ఆమె భర్త. నాలుగోదానిలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కుటుంబం. నాలుగు కాపురాలకూ కలిపి కరెంటు మీటరు ఒక్కటే.

నేను సామాను దించిన రోజే ఆమె వచ్చి గడప దగ్గర నిలబడింది.

"తమ్ముడూ, నీకు ఏటేటి ఉన్నాయో సెప్పు."

"ఒక ఫ్యాను, రెండు లైట్లు, టీవీ ఉన్నాయండీ."

"ఫ్రిజ్జు?"

"లేదండీ."

"పెళ్లయితే వస్తాది. అప్పుడు మాటాడదాం."

కరెంటు బిల్లును ఆమె వాటాల కింద పంచేది. ఫ్యానుకు ఒక వాటా, లైట్లూ టీవీ కలిపి ఒక వాటా, కుట్టుమిషను మోటారుకు ఒకటి, ఫ్రిజ్జుకు మూడు. నీళ్ల మోటారు ఖర్చు ముందే పక్కకు తీసి, అందరి మీదా సమానంగా వేసేది. ఈ లెక్క ఎక్కడిదని అడిగితే, పడవ దగ్గరిదేనని చెప్పింది. వేట నుంచి వచ్చాక చేపలు అమ్మిన డబ్బులో ముందు డీజిలుకూ ఐసుకూ తీస్తారు, తర్వాత పడవ వాటా, మిగిలింది మనుషుల వాటాలు. "మోటారు మనకి పడవలాటిది. అందరం ఎక్కినాం, అందరం మొయ్యాల" అంది. బిల్లు వచ్చిన సాయంత్రం వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి ఎవరి వాటా ఎంతో చెప్పేది. మొదట్లో నేను కాగితం తీసుకుని సరిచూసేవాణ్ని. నాలుగైదు నెలలకు మానేశాను.

ఆమెకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. పేపరు మాత్రం కుట్టుమిషను అమ్మాయి చదివి వినిపించేది. ఒక వేసవిలో కరెంటు చార్జీల మీద నేను రాసిన వార్త వచ్చింది. ఏ శ్లాబుకు ఎంత రేటో పట్టిక వేశాం. ఆ మధ్యాహ్నం ఓనరప్ప పేపరు మడిచి పట్టుకుని వచ్చింది.

"ఇది నువ్వు రాసినావా తమ్ముడూ?"

"అవునప్పా."

"మరి పెంకుటిళ్లోళ్లకి ఎంతో రాయలేదేటి? శ్లాబు ఇళ్ల రేట్లే రాసినావు."

నాకు అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా విషయం బయటపడింది. ఇరవై ఏళ్ల కిందట పెంకులు తీయించి పైన శ్లాబు పోయించారు. అదే ఏడాది ఇంట్లోకి ఫ్యాన్లూ, నీళ్ల మోటారూ వచ్చాయి. బిల్లు పెరిగింది. ఎందుకు పెరిగిందని అడిగితే, మీటరు చూడ్డానికి వచ్చినతను "శ్లాబు మారిందమ్మా" అన్నాడు. ఆమె తలెత్తి ఇంటి కప్పు చూసింది. "అవును బాబూ, మారి నాలుగు నెల్లయినాది అన్నాను. ఆడు నవ్వుకుంటా ఎల్లిపోనాడు." శ్లాబు ఇంటికి ప్రభుత్వం ఎక్కువ రేటు వేస్తుందని ఆ రోజు నుంచీ ఆమె నమ్మకం. ఒక్కసారి కూడా ఆలస్యం చేయకుండా కట్టుకుంటూ వచ్చింది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పెంకులుండగా శ్లాబెందుకు పోయించినావని మా ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టినాను. ఆ మనిషి ఆ తిట్లు మోసుకునే పోనాడు."

అప్పుడు సరిగ్గా కూర్చుని చెప్పాను. హార్బరులో నీళ్లలోకి దిగే మెట్లున్నాయి కదా, కరెంటు రేట్లు కూడా అలాంటివే అన్నాను. కింది మెట్టు మీద ఉన్న యూనిట్లు చవక. వాడకం పెరిగే కొద్దీ పై మెట్టు, ఆ మెట్టు మీదికి ఎక్కిన యూనిట్లకు ఎక్కువ రేటు. ఆమె వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెట్టింది.

"అంటే, నాలుగు కొంపలం ఒక్క మీటరు మీదుంటే, అందరం కలిసి పై మెట్టెక్కి నిలబడినట్టు. ఇడివిడి మీటర్లుంటే అందరం కింద మెట్టు మీదే."

ఆ వార్తను ఏళ్ల తరబడి ప్రతి వేసవిలో రాశాను. అద్దె ఇళ్ల సంగతి ఒక్కసారీ రాయలేదు. అది అందుకోవడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. మరుసటి ఏడాది శ్లాబు అన్న చోటల్లా మెట్టు అని రాసి పంపాను. డెస్కులో దిద్దేవాళ్లు మళ్లీ శ్లాబు చేశారు. ఆమె పేపరు విని, "మీ ఆఫీసు మీద కూడా శ్లాబు పోసినట్టున్నారు" అంది.

అయితే విడి మీటర్లు పెట్టించరాదా అని అప్పుడే అడిగాను. వద్దంది. "బిల్లు మీద ఎవుడి పేరుంటే ఇల్లు ఆడిదైపోతాది తమ్ముడూ. ఈ ఈదిలో ఏ ఓనరూ ఇయ్యడు." ఆ వీధిలో అందరి భయమూ అదే.

ఇది జరిగిన కొన్నాళ్లకు, నెలనెలా ఇంటికి తెచ్చి చేతికిచ్చే ఆమె ప్రభుత్వ పింఛను ఆగింది. ఒకటో తేదీన రాలేదు. వార్డు సచివాలయానికి వెళితే కారణం చెప్పారు. మీటరు ఆమె ఆధారుతో ముడిపడి ఉంది. నెలకు సగటున మూడు వందల యూనిట్లు దాటి వాడే ఇంటికి పింఛను రాదు. ఆమె మీటరు మీద మూడు వందల డెబ్బై వరకూ కనిపిస్తోంది. ఆమె సొంతానికి వాడేది ఒక ఫ్యాను, రెండు లైట్లు. కానీ మీటరుకు నాలుగు కాపురాలు తెలియవు.

నేను నాలుగైదు ఫోన్లు చేశాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఆరు నెలల సగటు తగ్గితే మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చన్నారు. వచ్చి ఆమెకు చెప్పి, దీని మీద వార్త రాస్తానన్నాను.

"రాయి. రాస్తే మూడొందల డెబ్బై మూడొందలవుతాదా?"

"కాదు."

"మరైతే మనం సేద్దాం."

అప్పటికి నాకు పెళ్లయింది, ఫ్రిజ్జూ వచ్చింది. అద్దెలు వస్తున్నాయి కదా, పింఛను లేకపోయినా గడుస్తుంది కదా అని నా భార్య అంది. ఓనరప్ప ఆమె వైపు తిరిగి, "అద్దెలు మా ఆయన కష్టం అమ్మా. ఆయన కట్టినాడు, నాను తింటన్నాను. పింఛను నాది. నా పేరెట్టి పిలిసి నా సేతిలో ఎట్టీది ఈ ఊళ్లో అదొక్కటే" అంది. ఆ తర్వాత ఆ మాట మేమెవరం ఎత్తలేదు.

ఆ ఆదివారం వాకిట్లో అందర్నీ కూర్చోబెట్టింది. మూడు వందలంటే రోజుకు పది. నాలుగు పోర్షన్లకూ, మోటారుకూ కలిపి పది యూనిట్లు. అదీ ఆమె పెట్టిన లెక్క. రూపాయల మాట ఆమె ఎత్తనే లేదు. రూపాయలతో మొదలుపెడితే ఒకడు ఉందంటాడు, ఒకడు లేదంటాడు, యూనిట్లయితే అందరికీ ఒకటే అనేది. ఇస్త్రీపెట్టె వారానికి ఒక రోజు, నాలుగు ఇళ్ల బట్టలూ ఒకేసారి. మోటారు రోజుకు ఒక్కసారి. మేము ఫ్రిజ్జు ఆపేశాం. హార్బరు నడిచి వెళ్లే దూరంలో ఉంది, చేపలు ఏ రోజువి ఆ రోజే తెచ్చుకున్నాం.

"నానెలాగూ రోజంతా ఐసులోనే ఉంటానప్పా, నాకు ఫ్యానొద్దు" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ ఆయన. "మా ఆడదాన్ని అడుగు."

"ఆయనకొద్దంటే ఆ వాటా నాకియ్యండి" అంది అతని భార్య.

కుట్టుమిషను అమ్మాయి లేచింది. లోపలికి వెళ్లి మిషను మోటారుకున్న బెల్టు ఊడదీసి మేకుకు తగిలించింది. పాతకాలంలోలా కాలితో తొక్కడం మొదలుపెట్టింది.

రోజూ ఉదయం ఆరింటికి ఓనరప్ప కళ్లజోడు పెట్టుకుని మీటరు ముందు నిలబడేది. పదికి లోపు ఉంటే మాట్లాడకుండా వెళ్లిపోయేది. దాటితే వాకిలి మధ్యలో నిలబడి, ఎవరి గుమ్మం వైపూ చూడకుండా చెప్పేది. "నిన్న పన్నెండు. ఎవురో నాకు సెప్పక్కర్లేదు." ఆ రోజు అద్దెకున్న ప్రతి ఇంట్లోనూ అది మా వల్లే అనుకునేవాళ్లం. మర్నాటికి తొమ్మిదో పదో వచ్చేది.

మొదటి నెల లెక్క చెడింది మా వల్ల కాదు. మీటరు రీడింగు తీసే అతను మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఆ మూడు రోజుల యూనిట్లూ ఆ నెల కాగితం మీదికే ఎక్కాయి.

"నెలంటే ముప్పై రోజులా, నువ్వొచ్చిందాకానా?" అని ఓనరప్ప అతన్ని అడిగింది.

"అమ్మా, నాకు ఈ ఈది ఒక్కటే కాదు."

"నాకు ఈ మీటరొక్కటే బాబూ. నీ నంబరియ్యి."

ఆ తర్వాత ప్రతి నెలా ముందురోజు ఫోను చేసి, రేపు మా ఇంటికి టీకి రావాలని పిలిచేది. అతను టీ తాగి, రీడింగు తీసుకుని వెళ్లేవాడు. ఒక్కరోజు కూడా తేడా రాలేదు. అప్పట్లోనే ఫోను రీచార్జి గడువు కూడా గమనించి, "ఫోనోడికి నెలంటే ఇరవయ్యెనిమిది రోజులు, కరెంటోడికి ముప్పై మూడు. గ్యాసుకి ఎన్నో నాను సూసుకోవాల" అనేది. గ్యాసు సిలిండరు మార్చిన రోజే దాని మీద సుద్దముక్కతో తేదీ వేయడం ఆమె అలవాటు. మాకూ అంటుకుంది. ఇప్పుడు తగరపువలస రోడ్డులో మేముంటున్న ఫ్లాటులోనూ సిలిండరు మీద తేదీ ఉంటుంది.

తర్వాతి మూడు నెలలు మూడు వందలకు రెండు మూడు తక్కువగా వచ్చాయి. నాలుగో నెలలో పెళ్లిళ్ల రోజులు దగ్గరపడ్డాయి. కుట్టుమిషను అమ్మాయి గదిలో జాకెట్ల గుడ్డలు కిటికీ దాకా పేరుకున్నాయి. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా మిషను తొక్కుతూనే ఉండేది. ఒక సాయంత్రం నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే, ఆమె స్టూలు మీంచి లేచి గోడ పట్టుకుని నడవడం కనిపించింది. నాకంటే ముందే ఓనరప్ప చూసింది.

"కాలియ్యి."

"ఏటీ లేదప్పా."

"నాను అడిగింది ఉందా లేదా అని కాదు. కాలియ్యి."

చీలమండలు వాచి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడింది, అది అలాగే ఉండిపోయింది. ఓనరప్ప ఆ కాలు మెల్లగా కింద పెట్టింది. తర్వాత లేచి, మేకు మీదున్న బెల్టు తీసి తనే మోటారుకు ఎక్కించింది. బిగించడం రాక రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది.

"అప్పా, ఇంకా రెండు నెలలే ఉంది" అంది ఆ అమ్మాయి.

"నా పింఛను నీ కాళ్ల మీంచి రాకూడదు. స్విచ్చి ఎయ్యి."

ఆ నెల మూడు వందల ముప్పై ఒకటి వచ్చింది. సగటు చెడింది. చేసినదంతా మళ్లీ మొదటికి వచ్చింది. ఆమె ఊరుకుంటుందేమో అనుకున్నాను. మర్నాడు ఉదయం తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇడి మీటర్లకి అర్జీ రాయి. ముగ్గురికీ, ఎవురి పేరున ఆళ్లకి."

మూడూ ఆమె పేరునే పెట్టించవచ్చు కదా అన్నాను. ఆ మాట తనూ ఆలోచించిందట. అన్నీ ఆమె ఆధారు కిందికే వస్తాయి, మళ్లీ అన్నీ కలిపే లెక్కేస్తారు. పేరు ఇవ్వక తప్పదు. అప్పుడు నన్నొకటి అడిగింది. బిల్లు మీద పేరున్నంత మాత్రాన ఇల్లు పోదని నాకు తెలుసా, అనుకుంటున్నానా? తెలుసన్నాను. "ఎవుడైనా లాయరు సేత కాయితం మీద రాయించి తే" అంది. కోర్టు వార్తలు రాసే రోజుల్లో పరిచయమైన ఒక లాయరు చేత రాయించి తెచ్చాను. అందులో ఉన్నది ఇంతే: బిల్లు ఎవరు ఎక్కడ ఉంటున్నారో చెబుతుంది, ఇల్లు ఎవరిదో చెప్పదు. ఆమె దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

సంగతి వీధిలో తెలిసింది. ఎదురింటి పెద్దాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకూ అయిదు పోర్షన్లున్నాయి.

"ఒదినా, పిచ్చి పని సేత్తన్నావ్. ఆళ్ల పేరున బిల్లొస్తే రేపు ఖాళీ సెయ్యరు."

"ఖాళీ సెయ్యకపోతే ఏటి సేస్తారు?"

"ఇంట్లోనే ఉంటారు."

"ఉంటే అద్దిస్తారు. నాకు కావాల్సింది అదే కదేటి?"

ఆయన చెప్పిందంతా భయమే అని ఆమె అనలేదు. ఆయన వెళ్లాక నాతో మాత్రం, "భయం నాకూ ఉంది తమ్ముడూ. భయం ఉందని సంతకం ఎట్టకుండా ఉంటే, ఆ భయానికి కూడా నెల నెలా నానే కట్టాల" అంది. అంగీకార పత్రం మీద సంతకం పెట్టడానికి ఆమెకు చాలా సమయం పట్టింది. మూడు కాగితాలు, మూడు సంతకాలు. రెండోదాని మీద చివరి అక్షరం పడలేదని తనే చూసుకుని దిద్దింది.

మూడు కొత్త మీటర్లు వచ్చాయి. ఎవరి డిపాజిట్టు వాళ్లం కట్టుకున్నాం. మొదటి బిల్లు వచ్చిన రోజు కుట్టుమిషను అమ్మాయి దాన్ని భర్త చేతికి ఇవ్వకుండా తన చేతిలోనే ఉంచుకుంది. ఈ ఊళ్లో డోరు నంబరుతో, వీధి పేరుతో తన పేరు అచ్చయిన కాగితం అదే మొదటిది. తర్వాత ఆ బిల్లు చూపించే గ్యాసు కనెక్షను తన పేరున తెచ్చుకుంది. ఓనరప్ప సొంత మీటరు మీద ఆ నెల నీళ్ల మోటారుతో కలిపి డెబ్బై లోపే వచ్చింది. మోటారు వాటా మాత్రం నెలనెలా అందరి దగ్గరా వసూలు చేసేది.

ఆమె ఆరు నెలలూ ఆగింది. ఏడో నెలలో బిల్లులన్నీ దారంతో గుచ్చి సచివాలయానికి పట్టుకెళ్లింది. నేను తోడు వస్తానంటే వద్దంది. "నువ్వొస్తే పేపరోడొచ్చాడని ఇస్తారు. లెక్క సరిగ్గా ఉంది, దానికే ఇయ్యాల." దానికే ఇచ్చారు.

ఆ ఇంటి తర్వాత నా పని కొంచెం మారింది. చార్జీల గురించో, పథకం గురించో ఎవరు చెప్పినా, ఒక్క మీటరు మీద ఎన్ని కాపురాలున్నాయని అడుగుతాను. అధికారులు ఒకసారి చూసి, కాగితాలు తిరగేస్తారు. ఆ ప్రశ్న నాది కాదు.

ఆమె పోయిన మూడో రోజు ఒకటో తేదీ అయింది. చిన్నదినానికని నేను తెల్లవారకముందే బయల్దేరి వన్ టౌన్ చేరాను. వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. ఆరున్నరకు సచివాలయం ఉద్యోగి స్కూటరు ఆపి లోపలికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. సంచీలోంచి ఫోను, వేలిముద్రల యంత్రం తీస్తూనే వచ్చాడు. వయసులో ఉండగా హార్బరులో రొయ్యలు ఒలిచి, ఐసులో నానిన చేతులు ఓనరప్పవి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ప్రతి నెలా ముద్ర పడటానికి నాలుగైదు సార్లు పట్టేదట. అందుకని ఆ వీధిలో మొదట ఈ ఇంటికే రావడం అతనికి అలవాటు. చేతిరుమాలుతో యంత్రం అద్దం తుడిచి, "అప్పా" అని పిలిచాడు.

కుట్టుమిషను అమ్మాయి బయటికి వచ్చింది. "అప్ప లేదు బాబూ."

"ఎక్కడికెళ్లింది?"

ఆమె వాకిట్లోని కుర్చీల వైపు తిరిగింది. అతను కుర్చీలు చూశాడు, నన్ను చూశాడు. అర్థమైంది. ఐసు ఫ్యాక్టరీ ఆయన కుర్చీ జరిపితే కూర్చున్నాడు. ఫోను తెరిచాడు. డబ్బు ఇవ్వకపోతే కారణం నమోదు చేయాలి. చేసేదాకా జాబితాలో పక్క పేరుకు వెళ్లదు. చనిపోయారని పెడితే ఆ పేరు ఇక జాబితాలో ఉండదు.

"ఈ ఒక్క నెలకీ ఊళ్లో లేదని రాయి బాబూ" అంది కుట్టుమిషను అమ్మాయి.

"అలా రాయకూడదమ్మా."

"తెలుసు."

అతను ఫోను వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి స్క్రీను ఆరిపోయింది. వేలితో తాకాడు. ఓనరప్ప పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పైకి వచ్చింది. మళ్లీ ఆరిపోయింది. మళ్లీ తాకాడు.